సమురాయ్‌ది ఏ జిల్లా?

జపాన్ వాళ్ళు తీసిన సినిమాలో జపాన్ వాళ్ళు మితిమీరి ఉన్నారని మా చిత్రసమాజానికి నోటీసు వచ్చింది.

ఆషామాషీ నోటీసు కాదు. మూడు పేజీలు, రెండు ముద్రలు, ఒక అనుబంధం. "మీరు ప్రదర్శింప తలపెట్టిన 'మంచు రేవు' అను చిత్రమునందు పాత్రధారులు నలభై ముగ్గురుండగా, నలభై ముగ్గురూ ఒకే దేశమునకు చెందినవారై యుండుట మా దృష్టికి వచ్చినది. ఇది యాదృచ్ఛికమా, ఉద్దేశపూర్వకమా అను విషయమై మూడు రోజులలోగా స్వయముగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను." కింద ప్రాతినిధ్య సమతుల్యతా మండలి, ప్రాంతీయ కార్యాలయం అని ఉంది.

తపాలా శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసినవాణ్ణి. పిచ్చి కాగితాలు చాలానే చూశాను. ఈ కాగితం చూసి మాత్రం ఒళ్ళు మండింది. జపాన్‌లో జపాన్ వాళ్ళు కనబడడం యాదృచ్ఛికమా అని అడుగుతున్నారు. దానికి నేను జవాబు చెప్పాలట.

మాది నరసాపురం. గోదావరి ఒడ్డు. మా వశిష్ఠ చిత్రసమాజానికి ఒక పాత హాలు, ఒక ప్రొజెక్టరు, దాన్ని నడిపే జిలానీ, కార్యదర్శిగా నేను, ఆస్తి కింద ఒకే ఒక్క సినిమా ఉన్నాయి. ఎక్కడో ఒక విదేశీ సాంస్కృతిక కేంద్రం మూసేస్తూ ఆ డబ్బాలు మాకు అంటగట్టింది. నలుపు తెలుపు బొమ్మ. కింద అక్షరాలు పడవు. మాటలన్నీ జపాన్ భాషలోనే.

కథ చిన్నది. చలికాలంలో ఒక పల్లెవాళ్ళు విత్తనాల బస్తాలు పడవలో అవతలి ఒడ్డుకు చేర్చాలి. పదకొండు మంది బందిపోట్లు కాచుకుని ఉంటారు. జింపాచి అనే ముసలి సమురాయ్, యజమాని లేక తిరుగుతున్నవాడు, కాపలాగా పడవెక్కుతాడు. పడవ నడిపేది ఒటానే అనే ముసలావిడ. బందిపోట్లు పోతారు, విత్తనాలు ఒడ్డు చేరతాయి, జింపాచి పడవలోనే ప్రాణం వదుల్తాడు. అది తెలిసీ ఒటానే అతని భుజం తట్టి ఏదో అంటుంది. అక్కడితో సరి.

ఏమంటుందో మాకు తెలీదు. ఇరవై ఆరేళ్ళ కిందట మొదటిసారి ఆడించినప్పుడు జనం అర్థంకాక గోల చేస్తుంటే ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. పేరు ఒడుగు సత్యవేణి, అందరికీ వేణమ్మగారు. మునిసిపల్ బడిలో ఆయా. వాళ్ళ నాన్న, తాత సఖినేటిపల్లి రేవులో పడవ నడిపినవాళ్ళు. ఆవిడ తెరవైపు తిరిగి, ఎవరి పెదవులు కదిలితే వాళ్ళ మాట తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆధారం అంటారా, డబ్బా మూతకి అతికించిన ఒక పేజీ కథాసారాంశం, అంతే. సమురాయ్‌కి వాళ్ళ తాత గొంతు పెట్టింది. బందిపోటు నాయకుడికి వాళ్ళ బడి హెడ్మాస్టరు గొంతు పెట్టింది. చివర్లో ఒటానే నోరు విప్పగానే, రేవులో వాళ్ళ నాన్న రోజూ అనే మాట అనేసింది.

"దిగు బాబూ, ఒడ్డొచ్చేసింది."

ఆ రోజు హాల్లో ఒక్కరూ కదల్లేదు. అప్పట్నుంచీ ఏటా ఒకసారి ఆ బొమ్మ ఆడుతుంది, వేణమ్మగారు చెబుతారు, రేవు జనమంతా వస్తారు. ఒటానేని వాళ్ళు తానమ్మ చేశారు, జింపాచిని జంపయ్య చేశారు. రొయ్యలు కొనడానికి వచ్చిన ఒక జపాన్ ఆయన ఒకసారి చూసి, అసలు సినిమాలో ఇందులో పావు వంతు మాటలు కూడా లేవని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

ఈ ఏడు వేణమ్మగారి గొంతులో కంతి లేచింది. ఇరవయ్యో తారీకున ఆపరేషను. స్వరపేటిక తీసేస్తే గాని లాభం లేదన్నారు డాక్టర్లు. ఆ మాట చెప్పడానికి ఆవిడే మా ఇంటికొచ్చింది.

"ఒక్కసారి ఆడిచ్చండి సెక్రెట్రీగారూ. జంపయ్యని నా నోటితో ఒడ్డుకి చేర్చేసి, అప్పుడు కోయించేసుకుంటానండి," అంది.

పన్నెండో తారీకు ఆదివారం ఆడిస్తామని మాటిచ్చాను. ఆ మర్నాడే నోటీసు వచ్చింది.

మండలి ఉపసంచాలకులు ఫణిభూషణరావుగారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి, ఫారం తీసి, కలం మూత విప్పారు.

"పాత్రధారుల్లో మన రాష్ట్రం వారెందరు?"

"ఎవరూ లేరండి. సున్నా."

"సున్నా రాయడానికి వీల్లేదు. ఈ ఫారం సున్నాను స్వీకరించదు. కనీసం ఒకటి ఉండాలి."

"జపాన్ సినిమా అండీ."

"అది చిత్రం యొక్క వ్యక్తిగత విషయం. కథానాయకుడిది ఏ జిల్లా?"

"జపానండి."

"అది దేశం. నేను జిల్లా అడిగాను."

"సినిమాలో చెప్పలేదండి."

ఆయన తలెత్తారు. మొదటిసారి ఆ మొహంలో వెలుగు కనబడింది. "చెప్పలేదా? అంటే జిల్లా ఖాళీగా ఉందన్నమాట!"

నాకు అప్పటికి అర్థం కాలేదు గాని, ఆఫీసు భాషలో ఖాళీ అంటే భర్తీ చెయ్యాల్సింది. ఆయన గబగబా లెక్క కట్టారు. నలభై మూడు పాత్రలు, ఒక్కదానికీ జిల్లా లేదు, వర్గం లేదు, విభాగం లేదు. నలభై మూడు ఖాళీలు! ఇంత నిండుగా ఖాళీలున్న చిత్రం తమ సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నారు.

"మామూలుగా అయితే తొంభై రోజులు పడుతుంది. మండలి సూచించే సవరణలన్నిటికీ ముందే అంగీకారం తెలుపుతూ ఇక్కడ సంతకం పెడితే, ప్రత్యేక పరిస్థితిగా భావించి ఆదివారానికే అనుమతి ఇప్పిస్తాను," అన్నారు.

తొంభై రోజులకి వేణమ్మగారికి గొంతు ఉండదు. సంతకం పెట్టాను. పెట్టిన క్షణం నుంచీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

గురువారం ఉదయం మండలి సభ్యులు మా హాలుకు దయచేశారు. ప్రాతినిధ్య మండలి కదా, అన్ని రకాలవాళ్ళూ ఉంటారనుకున్నాను. ఏడుగురిలో నలుగురు ఒకే అపార్ట్‌మెంటులో ఉంటారు. ఐదో ఆయన ఆ అపార్ట్‌మెంటు కట్టినాయన. ఆయనే అధ్యక్షులు. ఆరో ఆయన అందులో ఫ్లాటు కోసం తిరుగుతున్నాయన. ఏడో ఆయన ముకుందంగారు, ఫణిభూషణరావుగారి తోడల్లుడు. నది మీద బతికేవాళ్ళ తరఫున ఆయన్ని వేశారు. రెండేళ్ళ కిందట చేపలు ఎండబెట్టే అరుగుకి రిబ్బను కత్తిరించారట.

సినిమా పదకొండు నిమిషాలు చూశారు. పన్నెండో నిమిషంలో పెసరట్లు వచ్చాయి. తెర మీద జింపాచి మంచులో ఒంటరిగా నడుస్తుంటే, కింద చట్నీ గిన్నె చేతులు మారింది. తిన్నాక సభ మొదలైంది.

"సమురాయ్ పదవి ఒక్కటే ఉన్నది. జిల్లాలు అనేకము," అన్నారు అధ్యక్షులు.

అరగంట వాదించుకున్నారు. ఆఖరికి సమురాయ్ వంతులవారీగా తొమ్మిదేసి నిమిషాలు ఒక్కో జిల్లాకు చెందునట్లు, వంతు మారినప్పుడల్లా తెర మీద ఆ జిల్లా పేరు వేయునట్లు తీర్మానించారు. రైతులు, నీళ్ళు మోసేవాడు, గుడి గంట కొట్టేవాడు, అందరూ చకచకా సర్దుబాటైపోయారు. గుర్రాన్ని పశుసంవర్ధక శాఖకు వదిలేశారు.

బందిపోట్ల దగ్గర బండి ఆగింది.

"బందిపోటు పదవులు పదకొండు ఖాళీ," అని చదివారు ఫణిభూషణరావుగారు. "అభ్యర్థనలు రాలేదు."

ఒక సభ్యులు లేచి తమ జిల్లాలో బందిపోట్లు లేరన్నారు. ఇంకొకరు తమ జిల్లాలో ఉన్నారు గాని, వారికి ఇప్పటికే తగిన స్థానాల్లో ప్రాతినిధ్యం ఉందన్నారు. అభ్యర్థులు లేని పదవులు వాటంతటవే రద్దగునని నియమం ఉందట. బందిపోట్లు రద్దయ్యారు.

నేను ఉండబట్టలేకపోయాను. "బందిపోట్లు లేకపోతే ఇంక సమురాయ్ ఎందుకండీ?"

"శాంతిభద్రతల పరిరక్షణకు," అన్నారు అధ్యక్షులు.

"ఎవరినుంచండీ?"

"అది పోలీసు శాఖ పరిధిలోని అంశం. సభ దాని జోలికి పోదు."

తరవాత చావు. జింపాచి ఆఖరి తొమ్మిది నిమిషాల్లో చనిపోతాడు. ఆ వంతు ఏ జిల్లాకు పడిందని లెక్క చూస్తే, అధ్యక్షులవారి జిల్లాకే పడింది. ఆయన కాసేపు మంచినీళ్ళు తాగారు.

"కథానాయకుడు మరణించవలసిన ఆవశ్యకత సభకు కనబడుటలేదు," అన్నారు.

బల్లలు చరిచారు. ప్రొజెక్టరు గదిలోంచి అంతా వింటున్న జిలానీ తల బయటపెట్టి, "ఆయన అరవయ్యేళ్ళ కిందటే చచ్చిపోయాడు సార్!" అని అరిచాడు. అది సభా కార్యక్రమాల్లో నమోదు కాలేదు.

ఇంక గొంతుల వంతు. వేణమ్మగారిని పిలిచారు. ఆవిడ చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి నిలబడింది. ఒక్కరూ కూర్చోమనలేదు.

"నలభై మూడు పాత్రలకీ మీరే మాట్లాడుతున్నారా?"

"ఆయ్. గుర్రానికి కూడానండి."

"అంటే నలభై నాలుగు!" ఫణిభూషణరావుగారు కలం కింద పెట్టేశారు. "నలభై నాలుగు పదవులు ఇరవై ఆరేళ్ళుగా ఒక్క వ్యక్తి చేతిలో! అమ్మా, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు?"

"ఎవరి తరఫునా కాదండి. పాపం ఆళ్ళకి తెలుగు రాదు కదండీ, అందుకని."

గొంతులన్నీ పంచేశారు. కనీసం ఒటానే గొంతైనా ఆవిడకి వదలండని బతిమాలాను. అది నదీ ఆధారిత జీవనుల విభాగంలోకి వస్తుందన్నారు. ఆవిడ రేవు మనిషేనండీ అన్నాను. ధ్రువపత్రం ఉందా అన్నారు. వాళ్ళ నాన్న పడవ నడిపాడన్నాను. తండ్రి నడిపితే అది తండ్రి ప్రాతినిధ్యం, ఈమె రికార్డు ప్రకారం విశ్రాంత ఆయా, ఆయాల పాత్ర ఈ చిత్రంలో లేదు. ఆ విభాగానికి ముకుందంగారున్నారు కాబట్టి ఒటానే గొంతు ముకుందంగారిది.

"ఆడమనిషి పాత్ర కదండీ!"

"అందుకనే వారి శ్రీమతిగారి అంగీకారపత్రం జతచేశారు," అని చూపించారు ఫణిభూషణరావుగారు.

బయటికొచ్చాక వేణమ్మగారు నన్ను తిట్టినా బాగుండేది. "పోన్లెండి. బొమ్మ కళ్ళతో అన్నా చూస్తాను కదండీ," అని రేవు వైపు నడిచి వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్ర, శనివారాలు జిలానీ బొమ్మ కత్తిరించాడు. తప్పించుకోలేడు, పక్కన మండలి గుమాస్తా కూర్చున్నాడు. బందిపోటు చెయ్యి కనబడినా కోత, అరుపు వినబడినా కోత, నెత్తురు చుక్క కనబడినా కోత. రెండు గంటల పది నిమిషాల బొమ్మ ఇరవై తొమ్మిది నిమిషాలకి దిగింది. మిగతాదంతా ఒక డబ్బాలో వేసి, పైన 'తిరస్కృత భాగము' అని కాగితం అంటించి, ముద్ర వేశారు.

ఆదివారం పదకొండు గంటలకి ప్రదర్శన. కుర్చీలకి అట్టలు కట్టారు. 'రైతాంగం' అన్న కుర్చీలో ఎరువుల కొట్టు యజమాని, 'చేతివృత్తులు' అన్న కుర్చీలో ఆయన అల్లుడు కూర్చున్నారు. రేవు జనం రెండు వందల మంది పొద్దున్నే తలంట్లు పోసుకుని వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు.

"మీ తరఫున లోపల ప్రతినిధి ఉన్నారు. మీరు మళ్ళీ వస్తే రెండుసార్లు లెక్కవుతుంది," అన్నాడు గేటు దగ్గర గుమాస్తా.

వేణమ్మగారు కూడా ఆ గుంపులోనే నిలబడి ఉంది.

బొమ్మ మొదలైంది. సమురాయ్ మంచులో నడిచొచ్చాడు. తొమ్మిది నిమిషాలకి జిల్లా మారాడు. పడవెక్కాడు. కత్తి పిడి మీద చెయ్యేసి నాలుగు దిక్కులూ చూశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ చూశాడు. మళ్ళీ జిల్లా మారాడు. ఆ మహానటుడి కళ్ళలో అంత భయం, అంత తెగింపు ఎందుకో హాల్లో ఒక్కరికీ తెలియలేదు, ఒక్కరూ అడగలేదు. విత్తనాలు క్షేమంగా వెళ్ళాయి. ఆఖర్న ఒటానే పెదవులు కదిలాయి. ముకుందంగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివారు.

"సోదర సోదరీమణులారా, మన పడవ ఒడ్డునకు చేరుకున్న శుభసందర్భమున, ప్రయాణికులందరూ క్రమశిక్షణతో దిగవలసిందిగా మనవి."

చప్పట్లు మారుమోగాయి. ముకుందంగారికి దండ వేశారు. ఇంతకాలానికి తెర మీద తమను తాము చూసుకున్నామని అధ్యక్షులు ఉద్వేగంతో చెప్పి, భోజనానికి లేచారు. పావుగంటలో హాలు ఖాళీ అయింది. కుర్చీలకి అట్టలు మాత్రం వేలాడుతున్నాయి.

జిలానీ పై నుంచి దిగొచ్చాడు. చేతిలో తిరస్కృత భాగం డబ్బా. "సార్, మీరు ఆఫీసు మనిషి. ఒక్కటి చెప్పండి. అనుమతి లేకుండా ఆడించకూడనిది ఏంటి?"

"చిత్రం."

"ఇది చిత్రం కాదని వాళ్ళే ముద్ర వేశారుగా?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నాకంత మంచి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నియమావళి తిరగేశాను. తిరస్కృత భాగం గురించి ఒక్క మాట లేదు. దానికి కుర్చీల లెక్క లేదు, గొంతుల లెక్క లేదు. వెళ్ళి గేటు తీశాను.

రేవు జనం వచ్చి అట్టల మీదే కూర్చున్నారు. వేణమ్మగారు తెర పక్కన నిలబడింది. జిలానీ అతుకులేసిన రీలు ఎక్కించాడు. కోసి పారేసినవన్నీ వరసగా వచ్చాయి. బందిపోట్లు గట్టు దిగారు. గుర్రాలు నీళ్ళలోకి దూకాయి. ఆవిడ గొంతు మొదట్లోనే జీరగా ఉంది. హెడ్మాస్టరు గొంతుతో పదకొండు మందిని గద్దించేసరికి ఇంకా బొంగురుపోయింది. పల్లె ఆడవాళ్ళ ఏడుపు దగ్గర సగం మాటలు బయటికి రాలేదు. హాల్లో ఎవరో ఆ మాట అందించారు. వాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా నోటికొచ్చిన మాటలే. అయినా ఆఖరి సీనులో ఒక్కరూ నోరు మెదపలేదు. అది ఆవిడది.

జింపాచి పడవ అంచుకి ఒరిగిపోయాడు. ఒటానే భుజం తట్టింది. ఆమె పెదవులు కదిలే ముక్క మండలివారి బొమ్మలోనే ఉండిపోయింది. వేణమ్మగారు గొంతు సవరించుకోబోయి, ఆగి, ఉన్న గొంతుతోనే అంది.

"దిగు బాబూ, ఒడ్డొచ్చేసింది."

నేను ఏడ్చాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఇరవయ్యో తారీకున ఆవిడకి ఆపరేషను జరిగింది.

రెండు నెలలకి ఇంకో కాగితం వచ్చింది. 'మంచు రేవు' రాష్ట్రంలోనే ఆదర్శ ప్రదర్శనగా ఎంపికైందట. మా హాల్లోనే సన్మాన సభ పెడతారట. "నలభై నాలుగు గొంతులను సుదీర్ఘకాలము నిర్వహించిన శ్రీమతి సత్యవేణిగారు స్వయముగా విచ్చేసి, మండలి సేవలను గూర్చి ఐదు నిమిషములు ప్రసంగించవలెను."

ఆవిడకి గొంతు లేదని జవాబు రాశాను. తిరుగు టపాలో ఉత్తర్వు వచ్చింది. వక్త మాట్లాడలేని పక్షంలో ఆ విభాగపు ప్రతినిధి ఆమె తరఫున మాట్లాడతారు. ఆమె వేదిక మీద కూర్చుంటే చాలు.

వేణమ్మగారు వచ్చింది. మెడకి తెల్లటి గుడ్డ, ఒళ్ళో పలక. పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. ఈసారి ఫొటోలకి నిండు హాలు కావాలి కాబట్టి రేవు జనాన్ని గేటు దగ్గర ఆపలేదు.

ముకుందంగారు మైకు అందుకున్నారు. "నా గొంతు పోయినందుకు నాకు విచారము లేదు," అని మొదలుపెట్టారు, ఆవిడ తరఫున. పడవవాడి బిడ్డగా తాము పడిన కష్టాలు చెప్పారు. మండలి తమను చేరదీసిన తీరు చెప్పారు. కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. ఆయన రెండో కాగితాల కట్ట తీసేసరికి, వేణమ్మగారు పలక మీద ఏదో రాసి నా చేతికిచ్చి, మైకు వైపు చూపించింది.

నేను వెళ్ళి ముకుందంగారి పక్కన నిలబడి, ఆయన భుజం తట్టి, పలక మీదున్నది ఉన్నట్టుగా చదివాను.

"దిగు బాబూ, ఒడ్డొచ్చేసింది."

ఆయనకి అర్థం కాలేదు. వెనక వరసల్లో రెండు వందల మందీ ఒక్కసారిగా లేచారు. రోజూ రేవు దాటించే పంటు దిగేటప్పుడు చేసినట్టే చెప్పులు చేతబట్టుకుని, ముసలాళ్ళని ముందు వదిలి, ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. వేణమ్మగారు కూడా పలక చంకన పెట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది. ముకుందంగారు ఒకసారి ఖాళీ కుర్చీల వైపు, ఒకసారి చేతిలో కాగితాల వైపు చూసి, ఆవిడ తరఫున మిగతాది చదవడం మొదలుపెట్టారు.